హద్దు దాకా పూచీ

మొన్న మా పెద్దవాడు ఎవరికో జామీను ఉండి వచ్చాడు. కచేరీలో సంతకం పెట్టి, ఇంటికి వచ్చి, జొన్నరొట్టె, పుండికూర కడుపునిండా తిని, చాప మీద ఒరిగి గురక పెట్టాడు. అంతకు ముందు "ఎవరికి పడ్డవురా జామీను?" అని అడిగితే, "ఎరుకైనోడే అమ్మా, కాయిదం మీద సంతకమే గద" అన్నాడు. నేను ఆ గురక వింటూ చాలాసేపు కూర్చున్నాను. జామీను పడ్డవాడు అంత సుఖంగా నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. నాకు తెలిసిన ఒక మనిషి ఉండి ఉంటే వాణ్ణి లేపి కూర్చోబెట్టేవాడు.

ఆ మనిషి మా నారాయణఖేడ్ తలారి. పేరు ఉండే ఉంటుంది; మేమెవరమూ దానితో పిలవలేదు. పెద్దలు "ఏ తలారీ" అనేవారు, కోడళ్లం "కాకా" అనేవాళ్లం. నవాబు కాలంలో తలారి అంటే ఊరి కావలి. ఊరి హద్దు లోపల ఎవరి సొత్తు పోయినా ఆయన దొంగనన్నా చూపాలి, పోయినదానికి బదులన్నా ఇచ్చుకోవాలి. సరుకుతోనో ఆడపిల్లతోనో ఊరు దాటేవాళ్లను హద్దురాయి దాకా సాగనంపాలి. అక్కడి నుంచి పక్క ఊరి తలారి అందుకుంటాడు. ఇందుకు ఊరు ఆయనకు ఒక చెక్క ఇనాం భూమి ఇచ్చింది, కల్లాల దగ్గర గింజలు కొలిచింది, నడుముకు ఇత్తడి బిళ్ల ఉన్న తోలుపట్టీ కట్టింది, చేతికి ఒక కట్టె ఇచ్చింది. మనిషికంటే కట్టె జానెడు పొడుగు. గాలి గట్టిగా వీస్తే కట్టే ఆయన్ను పట్టుకుని నిలబడుతుందని మా అత్త ఎగతాళి చేసేది. గొంతు మాత్రం ఇద్దరు మనుషులది.

నేను ఆయన్ను మొదటిసారి చూసింది కొత్త కోడలిగా వస్తున్నప్పుడు. మా పుట్టిల్లు కంగ్టి అవతల, కన్నడం మాట్లాడే పల్లె. మెట్టినింటి వాళ్లదీ కన్నడమే. నారాయణఖేడ్‌లో బట్టల దుకాణం. మా ఎడ్లబండి ఒక్కొక్క ఊరి హద్దు దగ్గర ఆగేది. ఒక తలారి నిలిచిపోయేవాడు, ఇంకొక తలారి వెంట నడిచేవాడు. ఆఖరి హద్దు నారాయణఖేడ్‌ది. దానికి ఇవతల నేరుగా సర్కారు ఇలాఖా. అవతల ఒక జాగీర్దారు ఊరు. అక్కడ పన్నూ ఆయనదే, పోలీసూ ఆయనదే, శిక్షా ఆయనదే. రాయికి అటు జాగీరు తలారి, ఇటు మన తలారి నిలబడి కట్టెలను రాయికి తాకించారు. అప్పుడు అటువైపు ఆయన అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"ఒక కోడలు. రెండు సందూకలు. ఒక ఆవుదూడ, ఎడమ కాలు కుంటుతది, గది మొదటికెల్లే ఉంది. పిల్ల కంగ్టి కాడికెల్లి ఏడుస్తనే ఉంది. గదాని పూచీ నాది గాదు."

"ఏడుపు సంగతి నేను సూసుకుంట. నీ పూచీ తీరింది, నా పూచీ మొదలాయె, పో" అన్నాడు మనవాడు.

బండి తెర కొంచెం పక్కకు జరిపి నా వైపు చూడకుండానే "అళబ్యాడ తంగీ" అన్నాడు నా భాషలో, ఏడవొద్దు చెల్లీ అని. ఆ వెంటనే బండివాడిని గదమాయించాడు. "జల్దీ కొట్టు. నా ఇలాఖాల ఆడపిల్ల ఏడిస్తే నేను జవాబు చెప్పుకోవాలె. ఇంట్లకు పోయినంక ఏడిస్తే వాళ్ల అత్త చెప్పుకుంటది."

నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. సందూకలతో దూడతో కలిపి నన్నూ అప్పజెప్పుకున్నారని కోపం రావలసింది, రాలేదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి జారిపోకుండా వచ్చానని ధైర్యం కలిగింది. అత్తగారింట్లో మొదటి నెలలో నాకు ధైర్యం కలిగించిన సంగతి అదొక్కటే అని కూడా చెప్పాలి.

ఆ తర్వాత ఆయన్ను చాలా చూశాను. దుకాణమూ ఇల్లూ ఒకటే కాబట్టి సంతకు పోయే రోజున ఆయన మా అరుగు ముందే నిలబడేవాడు. మా మామ నేను రాకముందే పోయారు. వ్యాపారమంతా మా బావది, అంటే మా ఆయన అన్నగారిది. తట్టుగుర్రం మీద చీరలు, ధోతుల మూటలు వేసుకుని బావ చుట్టుపక్కల సంతలకు పోయేవాడు. తలారి ఎప్పుడూ వెనకే నడిచేవాడు, ముందు నడవడు. ఎందుకని ఒకసారి బావ అడిగాడు. "నేను ముందు వోతే నువ్వు నాకు కావలున్నట్టయితది సావుకారీ" అన్నాడు.

పూచీ మీద ఉన్నప్పుడు ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా తాగడు. ఎండలో నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే. హద్దు దగ్గర అప్పజెప్పి తిరిగి వచ్చి, అరుగు కింద కట్టె పడుకోబెట్టి, అప్పుడు "అవ్వా, సల్లపొయ్యి" అని మా అత్తను అడిగేవాడు. చెంబెడు చల్ల ఎత్తిన చెంబు దించకుండా తాగేవాడు. "ముందల తాగితే ఏమైతది?" అంటే, "తాగినంక నీ ఉప్పు నా కడుపుల ఉంటది. అప్పుడు నిన్ను కాస్తున్ననా, ఉప్పును కాస్తున్ననా?" అనేవాడు. అత్తకు ఈ జవాబు నచ్చేది కాదు. తన చల్లలో ఉప్పు ఎక్కువైందని ఎత్తిపొడుస్తున్నాడని ఆమె అనుమానం.

ఆయన కూతుర్ని ఆ జాగీరు ఊళ్లోనే ఇచ్చాడు. చూడబోయినప్పుడల్లా నడుము పట్టీ విప్పి, కట్టెతో పాటు హద్దురాయికి ఆనించి, ఉత్త చేతులతో అవతలికి నడిచేవాడు. కట్టె చేతిలో ఉంటే అక్కడ ఆయన పరాయి ఊరి కావలి, పట్టుకుని కట్టేస్తారు. కట్టె లేకపోతే పిల్లతండ్రి. "అక్కడ వెట్టిపోతే ఎవడన్న ఎత్తుకపోతే?" అని నేనడిగాను ఒకసారి. నన్ను జాలిగా చూశాడు. "నా ఇలాఖాల నా కట్టె ఎవడెత్తుకపోతడు బిడ్డా?"

ఇంత గట్టి మనిషి అవతల అడుగు పెట్టగానే భుజాలు ముడుచుకుని నడిచేవాడట. అక్కడ గొర్ల కాపరి పిల్లలు రాళ్లు విసిరినా పక్కకు తప్పుకునేవాడట. ఇవతలికి వచ్చి పట్టీ బిగించాక మళ్లీ ఆ గొంతు వచ్చేది. బావ ఇది చూసి వచ్చి మాకు నటించి చూపించాడు. మేం పడీపడీ నవ్వాం.

ఆ నవ్వులు సాగిన నాలుగేళ్లకు కాబోలు, జాగీరుకు కొత్త పెత్తనదారు వచ్చాడు. మాకు సిపాయిలున్నారు, ఈ పాతకాలపు కట్టెలెందుకని అక్కడి తలారిని తీసేశాడు. సిపాయిలు జాగీర్దారు గడీ ముందు ఉన్నారు. హద్దురాయి దగ్గర ఎవరూ లేరు. అదే ఏడు మా ఊరి ఠాణాకు కూడా కొత్త అమీను, అంటే పోలీసు అధికారి, వచ్చాడు. దూరం నుంచి వచ్చిన మనిషి, చదువుకున్నవాడు, ఈ ప్రాంతపు పద్ధతులేవీ తెలియవు.

తలారికి ఇది అర్థం కాలేదు. ఎప్పటిలాగే రాయి దాకా వెళ్లి, కట్టె తాకించి, ఎదురుగా ఎవరూ లేకపోయినా "నా పూచీ తీరింది" అని గట్టిగా అరిచేవాడట. ఆ మాటకు బదులు రాకపోతే అక్కడే కాసేపు నిలబడేవాడట. పటేలు దగ్గరికి పోయి, జాగీరువాళ్లతో మాట్లాడమని మొత్తుకున్నాడు. "పోయేటోళ్లు పోతరు, వచ్చేటోళ్లు వస్తరు, నీకెందుకు పరేషాన్?" అన్నాడు పటేలు.

బజారులో కూడా అందరికీ చెప్పాడు. "అవుతల ఎవ్వడు లేడు. మిమ్ముల నేను ఎవనికి అప్పజెప్పాలె?"

"నువ్వే ఆ ఊరు దాక రా. రెండు గింజలెక్కువ ఇస్తం" అన్నారు వ్యాపారులు.

"కట్టె వట్టుకొని జాగీరుల అడుగు వెడితే నన్ను దొంగ కింద కడతరు."

"కట్టె ఇడిసి రా."

"ఇడిసి వస్తే నేను మీకెందుకు? తన్నులు తినేటోడు ఇంకోడు ఎక్కువైతడు, గంతే."

ఇది మొండితనమని అందరూ అనుకున్నారు. మా బావ కూడా అనుకున్నాడు. పట్టపగలు, తెలిసిన దారి, ఎవడొస్తాడని బయల్దేరాడు. జాగీరు ఊళ్లో సంత. తట్టు మీద పండగ చీరలు. తలారి వెనక నడిచాడు, రాయి దగ్గర ఆగాడు. "ఇంకోసారి సోంచాయించు సావుకారీ" అన్నాడట. బావ చెయ్యి ఊపి సాగిపోయాడు.

రాయికి అవతల కంది చేను. బావ ఇంకా తలారికి కనబడే దూరంలోనే ఉండగా చేనులోంచి మనుషులు లేచారు. ముందు తల మీద కొట్టారు, తర్వాత తట్టు కళ్లెం పట్టారు. తలారి అరిచిన అరుపు సిర్గాపూర్ దారిన పోతున్న బండ్లవాళ్లకు కూడా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు. అరిచాడు, కట్టె నేలకేసి కొట్టాడు, రాళ్లు విసిరాడు. దాటలేదు. దొంగలు ఒకసారి ఆగి ఆయన వైపు చూశారట. కట్టె ఉన్న మనిషి రాడని వాళ్లకూ తెలుసు. తీరిగ్గా మూటలు సర్దుకుని తట్టును తోలుకుపోయారు.

బావ పాక్కుంటూ వెనక్కి వచ్చాడు. అప్పుడు తలారి హద్దు మీద బోర్లా పడుకుని, తల రుమాలు విప్పి, ఒక కొస అవతలికి విసిరాడు. "రా సావుకారీ. ఇంకింత. అందుకో. ఇంకింత" అని పిలుస్తూనే ఉన్నాడట. బావ చేతికి రుమాలు కొస తగలగానే గుంజాడు. మనిషి ఇవతల పడగానే ఎత్తి భుజాన వేసుకుని, పిలుపుకు అందే దూరంలో ఎవరున్నారా అని కూడా చూడకుండా, ఊరిదాకా ఉరికాడు.

నేను తలుపు తీసేసరికి ఆయన ఒళ్లంతా మా బావ నెత్తురే. అరుగు మీద దించి, గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. వైద్యుడి కోసం ఒకరు పరిగెత్తారు. మా అత్త కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, జరిగింది వింటూ వింటూ, ఒక్కసారిగా తలారి వైపు తిరిగింది.

"కండ్లముందు కొడుతుంటే నిలవడి సూసినవా?"

"అవుతల నాది గాదు అవ్వా."

"కట్టె పారేసి ఉరకరాదా? మనిషివేనా నువ్వు?"

"గీ కట్టె లేకుంటే నేనెవన్ని అవ్వా?" అన్నాడు. వాదించడానికి అన్నట్టు లేదు. నిజంగా అడిగినట్టే ఉంది. అత్త ఆయన ముఖాన ఉమ్మినంత పని చేసింది. ఆ రోజు నాకూ ఆయన మీద అసహ్యం పుట్టింది. మనిషి చచ్చిపోతుంటే రాయికి ఇటు అటు చూసుకునేవాడు ఏం కావలి అనిపించింది.

బావ బతికాడు. ఎడమ చెవి మాత్రం పోయింది. ఠాణా నుంచి అమీను మనిషి వచ్చి మంచం పక్కన కూర్చుని అడిగాడు. దెబ్బలు పడుతున్నప్పుడు తలారి ఏం చేశాడు? "నిలవడి సూసిండు" అన్నాడు బావ. అది అబద్ధం కాదు. రుమాలు సంగతి అతను అడగలేదు, బావ చెప్పలేదు.

అమీనుకు ఆ ఒక్క మాట చాలు. చూస్తూ నిలబడ్డాడంటే దొంగలతో కలిసినట్టే. హద్దులో ఆగడమే తలారి ధర్మమని, దాటితే అటువైపు నేరమని ఒకరిద్దరు ముసలివాళ్లు చెప్పబోయారట. రాయి చూసుకుని ఆగడానికి నీకు జీతమెందుకని ఆయన తలారినే అడిగాడట. కంచే చేను మేసిందని బజారంతా తేల్చింది. దొంగలు దొరకలేదు. కలిసినట్టు రుజువూ దొరకలేదు. రుజువు లేదు కాబట్టి జైలు వెయ్యలేదు, అనుమానం ఉంది కాబట్టి పట్టీ, బిళ్ల ఊడబెరికారు. ఇనాం చెక్క తీసేసుకున్నారు. కట్టెను ఠాణా కొట్టం తలుపుకు అడ్డగడియగా పెట్టుకున్నారు.

తరువాత జరిగింది నేను దుకాణం తలుపు చాటు నుంచి కొంచెం కొంచెంగా చూశాను. ముందు మంగలి ఆయన్ను అందరికన్నా ఆఖరున కూర్చోబెట్టాడు. తర్వాత కూర్చోబెట్టడం మానేశాడు. ఒకప్పుడు ఆయన పట్టుకుని తన్నించిన కోడిదొంగ నడిబజారులో ఎదురై, ఆయన రుమాలు కట్టెపుల్లతో ఎత్తి కింద వేశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన వంగి తీసుకుని, దులుపుకుని, చుట్టుకున్నాడు. అవతలి ఊళ్లో నడిచేటప్పటి ఆ ముడుచుకున్న భుజాలు ఇప్పుడు ఇవతల కూడా వచ్చాయి. బావ నటించి చూపింది నాకు అప్పుడు గుర్తుకొచ్చింది, నవ్వు రాలేదు.

ఊళ్లో ఏది పోయినా ఠాణా జవాను ముందు ఆయన ఇంటికే పోయేవాడు. మేక పోయినా ఆయనే, గొళ్లెం పోయినా ఆయనే. ఒకసారి పట్వారీ ఇంట్లో ఇత్తడి బిందె పోయింది. రెండు రోజులు ఠాణాలో పెట్టి కొట్టారు. మూడోనాడు బిందె పట్వారీ బావిలోనే దొరికింది, తాడు తెగి పడిందట. బిందెను చింతపండుతో తోమి ఇంట్లో పెట్టుకున్నారు. ఆయన్ను వదిలేశారు. వీపు మీది వాతలకు ఎవరు జవాబు చెప్పాలో ఎవరూ అనుకోలేదు. అంతకు ముందైతే, ఊళ్లో పరాయివాడి వీపు మీద వాత తేలినా ఎవడు కొట్టాడని అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి ఈయనే.

అప్పుడే ఒకరోజు నేను అరుగు అలుకుతుంటే దారిన పోతూ ఆగాడు. ఆయన ఎండిన కడుపు చూసి నాకు పాపమనిపించి చల్ల తెచ్చిచ్చాను. అత్త ఇంట్లో లేదు. కొంచెం కొంచెంగా తాగాడు. "ఇన్నేండ్లు మందికి కావలుంటి బిడ్డా. నాకెవడున్నడు కావలి అని ఎన్నడు సూసుకోలే. కట్టె ఉండె గద, నేనే అనుకుంటి" అన్నాడు. అని చెంబు కడిగి బోర్లించి పోయాడు.

ఆ బిందె గొడవ తర్వాత అమీను ఇంకో హుకుం ఇచ్చాడు. ఇతను అనుమానపు మనిషి. ఊరి హద్దు దాటకూడదు. రోజూ దీపాల వేళకు ఠాణాలో హాజరీ ఇవ్వాలి. ఇస్తాడని పరువున్న మనిషి ఒకడు జామీను పడాలి. పొద్దుగూకేలోపల జామీను దొరకకపోతే బీదర్ జైలుకు పంపిస్తారు. అక్కడికి పోయిన ముసలివాళ్లు తిరిగి రావడం తక్కువ.

పొద్దున్నుంచి జవాను ఆయన్ను వెంటబెట్టుకుని గడప గడపా తిప్పాడు. పటేలు చూస్తాను పో అన్నాడు. పట్వారీ తలుపు తీయలేదు. నూనె వ్యాపారి, ఆయన వెనక ఎన్ని సంతలకు పోయి వచ్చాడో, ఇంట్లో సూతకం అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడ మల్లయ్య. మా బజారులో మాది చివరి దుకాణం. మా గుమ్మంలోకి వచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి.

అత్త అరుగు మీద పప్పు ఏరుతోంది. లేవలేదు. "సిగ్గు లేదా ఈ గడప తొక్కనీకి? కొడుకు చెవి తిన్నది చాలదా?" అంది.

ఆయన గడప తొక్కలేదు, కిందే నిలబడ్డాడు. "అడగొద్దనే ఉంటి అవ్వా. జవాను తోలుకొచ్చిండు. అన్ని ఇండ్లు అడిగి మీది ఒక్కటి ఇడిస్తే జవాబు చెప్పుకోవాలెనట." తర్వాత లోపల గజంబద్ద పట్టుకుని నిలబడ్డ బావ వైపు చూశాడు. "సావుకారీ, ఎక్కువ అడగ. ఊరి హద్దు దాక పడు. అవుతలి పూచీ వద్దు, నేను అవుతలికి పోను."

జవాను నవ్వాడు. "జామీనుకు హద్దులుంటయా రే? పడితే మొత్తం పడాలె. ఈ ముసలోడు పరారైతే నిన్ను పట్టుకుంటం సావుకార్, సోంచాయించుకో."

అత్త లేచి లోపలికి పోయి, బావ ఎడమవైపు నిలబడి వద్దు వద్దు అని మొత్తుకుంటోంది. అది పోయిన చెవి. ఏమీ వినపడినట్టు లేదు. లేక వినపడిందేమో. బావ గుమ్మం దాకా వచ్చి ఆయన్ను కింది నుంచి పైకి చూశాడు. ఆ చూపులో కోపం తగ్గలేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను తలుపు చాటున నిలబడ్డాను. వద్దంటాడనే అనుకున్నాను. ముసలివాడు బీదర్ పోతాడు, పోతే ఇక రాడు.

బావ జవానుతో అన్నాడు: "నా పానం పోతుంటెనే గీ మనిషి హద్దు దాటలే. మీ హాజరీ ఎగ్గొట్టనీకి దాటుతడా? రాసుకో నా పేరు."

జవానుకు ఇది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. నాకూ తెలియలేదు. తలారి మాత్రం రెండు చేతులతో ముఖం కప్పుకుని మా మెట్టు మీద కూలబడ్డాడు. బజారు అంతా ఆయన్ను దొంగ అంది, మా అత్త పిరికి అంది. ఆయన ఎవరో ఆయనకు చెప్పింది, చెవి పోగొట్టుకున్న మనిషి ఒక్కడే. కొంతసేపటికి లేచి, "బరువుంటది సావుకారీ, నా పూచీ" అన్నాడు. బావ లోపలికి పోయి బట్ట కొలవసాగాడు.

అప్పటి నుంచి రోజూ హాజరీ ఇచ్చాక మా దుకాణం ముందుకు వచ్చి నిలబడేవాడు. ఏమీ అడగడు, కూర్చోడు. బావ తలెత్తి ఒకసారి చూసేవాడు. అంతే, వెళ్లిపోయేవాడు. పొలం పనికి ఊరి చివరిదాకా పోతున్నా ముందు చెప్పి పోయేవాడు. ఒకరోజు నేను నవ్వుతూ, ఇన్ని చెప్పుకోవాలా కాకా అంటే, "అప్పుడు మీరు సామాను, నేను తలారి. ఇప్పుడు నేను సామాను" అన్నాడు.

అత్తకు మాత్రం కోపం దిగలేదు. "దినాం మొకం సూపియ్యకుంటే తెల్లారదా నీకు?" అని కసిరింది ఒక సాయంత్రం.

"నాకు తెల్లారుతది అవ్వా. సావుకారికి తెల్లారదు. పూచీ పడ్డోనికి నిద్ర రాదు. ముప్పై ఏండ్లు నేను పండుకోలే, నాకు ఎరుక. సూసిండంటే పండుకుంటడు."

అత్త చీపురు తీసుకుని లోపలికి పోయింది. బావ జామీను రాసిచ్చిన మొదటి రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లిన సంగతి ఆమెకూ తెలుసు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. ఆయన కూతురికి అవతలి ఊళ్లో కాన్పు అయింది. హద్దు దాటకూడదు కాబట్టి చూడటానికి పోలేదు. కూతురే బిడ్డను ఎత్తుకుని రాయి దాకా వచ్చి, ఇవతల ఆయన చేతిలో పెట్టి చూపించి పోయిందని విన్నాను. బావ అమీనును అడిగితే ఒక పూటకు సెలవిచ్చేవాడేమో. తలారే అడగనివ్వలేదు. తన కోసం ఒకసారి తగ్గినవాణ్ణి మళ్లీ తగ్గమనడం పద్ధతి కాదన్నాడు.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటింది, ఆయన రాలేదు. బావ బట్ట చింపుతూ రెండుసార్లు బజారు వైపు చూశాడు. ఇంతలో జవాను వచ్చాడు, విసురుగా.

"ఏం సావుకార్, నీ జామీనోడు హాజరీకి రాలే. పరారైండు. నడువు, అమీన్ సాబ్ పిలుస్తుండు."

అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను చెప్పలేదా అన్నట్టు చూసింది.

బావ కత్తెర కింద పెట్టాడు. "పోడు" అన్నాడు. "సచ్చిపోయుంటడు." చెప్పులేసుకుని, ఠాణా వైపు కాకుండా ఆయన గుడిసె వైపు నడిచాడు. జవాను గొణుగుతూ వెంటపోయాడు.

ఆయన అక్కడే ఉన్నాడు. ముఖం కడుక్కుని, రుమాలు చుట్టుకుని, బయల్దేరబోతూ ఒక్క క్షణం గుంజకు ఆనుకుని కూర్చున్నట్టుంది. అలాగే ఉన్నాడు. జవాను వంగి చూసి లేచాడు. కొంచెం మెత్తబడి, "ఇగ నీ జామీను తీరింది సావుకార్. పొద్దుగాల్ల వచ్చి పేరు కొట్టేయించుకో" అన్నాడట.

"ఇంక తీరలే" అన్నాడట బావ. "మన్ను గప్పేదాక ఉంటది."

మర్నాడు పాడెకు ముందు కొమ్ము బావే పట్టాడు. సావుకారి భుజం మీద తలారి పాడె ఏమిటని బజారు గుసగుసలాడింది; ఎవరూ ఎదురుగా అనలేదు. తిరిగి వచ్చేసరికి అత్త పెరట్లో స్నానానికి నీళ్లు కాచి పెట్టి ఉంచింది. బావకు కుడివైపు నిలబడి, వినపడే చెవిలోనే అడిగింది: "గోతిల మన్ను సరిగ్గ గప్పిండ్రారా?"